ల్యూక్ కీక్లీ దారిలో మా వాడు వెళ్లగలడా?

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. బాబు పదో తరగతి, స్కూలు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో లైన్‌బ్యాకర్, అంటే ప్రత్యర్థి దాడిని ఆపే డిఫెన్స్ ఆటగాడు. ల్యూక్ కీక్లీలా కాలేజీలో పేరు తెచ్చుకుని ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌కు వెళ్తానంటున్నాడు. చదువు అటకెక్కుతుందేమోనని మా భయం. వాడిది హెచ్-1బీ ఉద్యోగుల పిల్లలకిచ్చే హెచ్-4 వీసా. ఏం చేయాలి?

జవాబు: బాబు మంచి ఆటగాణ్నే ఎంచుకున్నాడమ్మా. సిన్సినాటి కుర్రాడు కీక్లీ బోస్టన్ కాలేజీలో మూడు సీజన్లు ఆడి 158, 183, 191, మొత్తం 532 టాకిల్స్ చేశాడు, అంటే బంతితో పరిగెత్తేవాణ్ని అన్నిసార్లు పట్టి పడగొట్టాడు. 2011లో కాలేజీ ఫుట్‌బాల్‌లో ఇచ్చే బట్కస్, నగుర్‌స్కీ, లొంబార్డీ అవార్డులు మూడూ అతనివే. ఎన్ఎఫ్ఎల్ జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2012లో కరోలినా పాంథర్స్ అతన్ని తొమ్మిదో ఎంపికగా తీసుకుంది.

ఈ అంకెల వెనక మరో సంగతి ఉంది. స్కూల్లో ఉన్నప్పుడు కీక్లీని దేశంలోని పెద్ద జట్లేమీ ఎగబడి పిలవలేదు. అతను చేరిన ఏడాదే, అంటే 2009లో, బోస్టన్ కాలేజీ ప్రధాన లైన్‌బ్యాకర్ మార్క్ హెర్జ్‌లిచ్ క్యాన్సర్‌తో సీజన్ మొత్తం ఆటకు దూరమయ్యాడు. కొత్త కుర్రాడికి మొదటి ఏడాదే మైదానంలో చోటు దొరికింది. అందుకే కాలేజీ పేరు కంటే ముందు ఆ జట్టు డెప్త్ చార్ట్, అంటే ఒక్కో స్థానంలో ఎవరెవరు ఏ వరుసలో ఉన్నారో చూపే జాబితా, చూడమంటాను. బాబు ఆడే చోట ఎంతమంది ఉన్నారు, వాళ్లు ఏ సంవత్సరంలో ఉన్నారు, కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా అయిన ట్రాన్స్‌ఫర్ పోర్టల్ నుంచి ఎవర్ని తెచ్చుకుంటున్నారు అని కోచ్‌ను నేరుగా అడగండి.

టాకిల్స్ లెక్క ఒక్కటే చూపిస్తే కోచ్‌లు పడిపోరు. ప్రత్యర్థి ఎనిమిది గజాలు పరిగెత్తాక పట్టుకున్నా లెక్కలో ఒకటే. బంతి కదలగానే మొదటి అడుగు ఎటు వేశాడు, అడ్డొచ్చిన బ్లాకర్‌ను ఎలా వదిలించుకున్నాడు, పాస్ పడినప్పుడు వెనక్కి తిరిగి కవర్ చేశాడా అని చూస్తారు. వీడియో మూడు నాలుగు నిమిషాలు మించకుండా, మంచి ఆటలు మొదట్లోనే పెట్టండి. ప్రతి ఆటకూ ముందు బాబు ఎక్కడున్నాడో గుర్తు పెట్టాలి. పూర్తి మ్యాచ్ ఫిల్మ్ కూడా సిద్ధంగా ఉంచండి, తప్పక అడుగుతారు.

ఎక్కువమంది బోల్తా పడేది మాత్రం మార్కుల దగ్గరే. కాలేజీ ఆటల పై స్థాయి అయిన డివిజన్-1లో ఆడాలంటే, కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ ఆమోదించిన 16 కోర్ కోర్సులు (ముఖ్య పాఠ్యాంశాలు), వాటిలో కనీసం 2.3 జీపీఏ (సగటు గ్రేడ్) ఉండాలి. పన్నెండో తరగతి మొదలయ్యేలోపు 10 పూర్తవ్వాలి, అందులో ఏడు ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్‌లోవి. ఆ తర్వాత వాటిని మళ్లీ రాసి మార్కులు పెంచుకుంటామంటే పనికిరాదు. స్కూల్లో చదివిన ప్రతి కోర్సూ ఆ జాబితాలో ఉండదు. కౌన్సెలర్ దగ్గర ఈ వారమే సరిచూసుకోండి.

హార్వర్డ్, యేల్ వంటి కాలేజీల ఐవీ లీగ్‌లో, ఎన్‌సీఏఏ కింది స్థాయి డివిజన్-3లో ఆట పేరిట స్కాలర్‌షిప్ ఇవ్వరు. కానీ అడ్మిషన్‌కు ఆట బలంగా తోడ్పడుతుంది, ఆర్థిక సాయం కుటుంబ ఆదాయాన్ని బట్టి ఉంటుంది. ఎన్ఎఫ్ఎల్ ఏటా డ్రాఫ్ట్‌లో తీసుకునేది సుమారు 260 మందినే, హైస్కూల్ ముగిసి మూడేళ్లు దాటాకే. కాబట్టి ఆట ఆగిపోయినా చేతికి పనికొచ్చే డిగ్రీ ఇచ్చే కాలేజీనే ఎంచుకోండి. కీక్లీ కూడా తలకు దెబ్బలు తగిలి, 28 ఏళ్లకే ఆటకు వీడ్కోలు చెప్పాడు.

ఇక వీసా. 21 నిండితే హెచ్-4 పోతుంది, విద్యార్థి వీసా ఎఫ్-1కు మారాలి. ఈ రెండింటిలోనూ సొంత పేరు, బొమ్మ వాడుకోనిచ్చి డబ్బు తీసుకునే ఎన్ఐఎల్ ఒప్పందాలు చిక్కు తెస్తాయి. చిన్న షూ కంపెనీ కాగితమైనా సరే, ఇమ్మిగ్రేషన్ లాయర్ చూడకుండా సంతకం పెట్టనివ్వకండి.