నీలిమందు కుండ పసుపుపచ్చకు ఎందుకు తిరగడం లేదు?

ప్రశ్న: నూలు తువ్వాళ్లకు ఇంట్లోనే నీలిరంగు వేయాలని 10 గ్రాముల నీలిమందు, 20 గ్రాముల సున్నం, 30 గ్రాముల బెల్లం వేడినీటిలో కలిపాను. రెండు రోజులైనా నీరు నీలంగానే ఉంది. ముంచిన గుడ్డను ఉతికితే రంగంతా పోయింది. బెల్లం, సున్నం మరికొంత వేసినా ఫలితం లేదు. పొరపాటు ఎక్కడ జరిగింది?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: మీ కొలతలలో తప్పు లేదు, తీపిని ఎంచుకోవడంలోనే తేడా వచ్చింది. నీలిమందులోని ఇండిగో నీటిలో కరగదు. అది హైడ్రోజన్‌ను గ్రహించి క్షయకరణం చెందినప్పుడే సున్నపు క్షారంలో పసుపుపచ్చగా కరిగి నూలు పోగులలోకి ఇంకుతుంది. గుడ్డను పైకి తీయగానే గాలిలోని ఆక్సిజన్ దానిని మళ్లీ కరగని నీలంగా మార్చడం వల్ల రంగు పోగులోనే చిక్కుకుంటుంది. మీరు పాటించిన 1-2-3 పాళ్లు ఫ్రక్టోజ్‌కు (పండ్ల చక్కెరకు) చెప్పినవి. బెల్లంలో ఎక్కువ భాగం సుక్రోజ్, అంటే మామూలు చక్కెర, దానికి క్షయకరణ శక్తి లేదు. బెల్లంలో కొద్దిగా ఉండే గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లే ఆ పని చేస్తాయి, వాటి పాలు అచ్చు అచ్చుకూ మారుతుంది. కాబట్టి మందుల దుకాణంలో దొరికే గ్లూకోజ్ పొడి వాడండి, లేదా బాగా మగ్గిన అరటిపండ్లు ఉడికించి వడగట్టిన రసం పోయండి.

నా రెండో అనుమానం సున్నం మీద. మూత లేకుండా నిలవ ఉన్న సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని సుద్దగా మారిపోతుంది, పైగా చక్కెరలు క్షారంలో విడిపోయి ఆమ్లాలను పుట్టిస్తూ ఉన్న సున్నాన్నీ ఖర్చు చేస్తాయి. క్షారం బలాన్ని చూపే పీహెచ్ కాగితాన్ని ద్రవంలో ముంచితే 10కీ 11కీ మధ్య చూపాలి. కళ్లకు రక్షణ కళ్లజోడు లేకుండా సున్నం కలపకండి.

నేను మొదటిసారి చేసినప్పుడు అరగంటకోసారి గిలక్కొట్టి, గాలిని లోపలికి పంపి, జరిగిన క్షయకరణాన్ని నేనే చెరిపేశాను. తరువాత గాజు సీసాలో చేసి, మెల్లగా ఒక్కసారే తిప్పి వదిలేస్తే, మధ్యాహ్నానికి సున్నపు మడ్డికి పైన తేనెరంగు ద్రవమూ, దాని మీద రాగిరంగు మీగడా కనిపించాయి. తెల్లపళ్లెంలో వేసిన పసుపుపచ్చని చుక్క అంచుల నుంచి నీలమవుతుంటే చూసిన సంతోషం ఇప్పటికీ తాజాగానే ఉంది.

తగిరిస గింజలు ఉడికించి సున్నంతో పులియబెట్టే పాత పద్ధతిలో ఇదే పనిని సూక్ష్మజీవులు చేస్తాయి, కాకపోతే రోజులు పడుతుంది. అద్దకంవారు క్షయకరణకు వాడే హైడ్రోస్ అనే రసాయనపు పొడి చాలా త్వరగా పనిచేస్తుంది గానీ, తడి తగిలితే వేడెక్కి మండగలదు, ఘాటైన సల్ఫర్ డయాక్సైడ్ వదులుతుంది. ఇంట్లో దాని జోలికి వెళ్లవద్దని నా గట్టి సలహా.

అన్నీ ఒకేసారి మార్చితే ఏది పనిచేసిందో తెలియదు. మీ కుండలోని ద్రవాన్ని మడ్డితో సహా బాగా కలిపి నాలుగు గాజు సీసాలలో పోయండి. ఒకదానిలో గ్లూకోజ్, ఒకదానిలో కొత్త సున్నం, మూడోదానిలో రెండూ వేసి, నాలుగోదాన్ని అలాగే ఉంచి, అన్నింటినీ సుమారు 50 డిగ్రీల వేడినీటిలో నిలబెట్టండి. కరగని నీలిమందు అడుగునే భద్రంగా ఉంటుంది కాబట్టి మీ 10 గ్రాములూ వృథా కాలేదు.