మేటి ఆటగాళ్లను అమ్ముకుంటూ కూడా మధ్యస్థాయి ఫుట్‌బాల్ క్లబ్బులు ఎలా పోటీ పడుతున్నాయి?

మీ ప్రశ్నలో రెండు సందేహాలున్నాయి. ఇంగ్లండ్ అగ్రశ్రేణి పోటీ అయిన ప్రీమియర్ లీగ్‌లో, ఏటా తమ మేటి ఆటగాడిని అమ్ముకునే బ్రైటన్, బ్రెంట్‌ఫర్డ్ వంటి క్లబ్బులు పట్టికలో అడుగుకు జారిపోకుండా ఎలా నిలబడుతున్నాయన్నది మొదటిది. జీతాలకు గట్టి పరిమితి పెట్టుకున్న క్లబ్బుకు మంచి ఆటగాళ్లు ఎందుకు వస్తారన్నది రెండవది. నా ఉద్దేశంలో రెండింటికీ జవాబు ఒక్కటే: జీతాల పరిమితి ఉన్నందువల్లనే ఆ క్లబ్బులు లాభానికి అమ్మగలుగుతున్నాయి. ఆ పరిమితి లేని క్లబ్బు అమ్మదలచుకున్నా, అమ్మవలసిన వేళకు అమ్మలేకపోతుంది.

నేను విశాఖపట్నంలో లెక్కలు చూసే వృత్తిలో ఉన్నాను. ఫిషింగ్ హార్బర్‌లోని కొందరు మరబోట్ల యజమానులకు ఖాతాలు రాస్తాను. మల్కాపురం, గాజువాక ప్రాంతాల కుర్రాళ్లు ఆడే ఒక చిన్న ఫుట్‌బాల్ క్లబ్బుకు కోశాధికారిగా కూడా ఉన్నాను. కనుక ఈ విషయాన్ని మైదానం వైపు నుంచి కాక ఖాతా పుస్తకం వైపు నుంచి చెబుతాను.

ముందుగా, ఆటగాడు క్లబ్బు ఖాతాలో ఎలా కనిపిస్తాడో చూడాలి. ఒక క్లబ్బు 4 కోట్ల పౌండ్లు చెల్లించి ఒకరిని కొని, అతనితో అయిదేళ్ల ఒప్పందం చేసుకుందనుకుందాం. ఆ నాలుగు కోట్లూ ఆ ఏటి ఖర్చుగా పడవు. బోటు ఇంజనుకు మేము తరుగుదల రాసినట్టే ఏటా 80 లక్షల చొప్పున అయిదేళ్లపాటు ఖర్చు రాస్తారు. రెండేళ్లు గడిచేసరికి పుస్తకంలో అతని విలువ 2.4 కోట్లు ఉంటుంది. అప్పుడు అతన్ని 4.5 కోట్లకు అమ్మితే, చూసేవారికి అర కోటి మాత్రమే మిగిలినట్టు అనిపించినా, ఖాతాలో లాభం 2.1 కోట్లుగా నమోదవుతుంది, అదీ ఒకేసారి, ఆ సంవత్సరంలోనే. సొంత అకాడమీలో పెరిగిన కుర్రవాడికైతే పుస్తక విలువ దాదాపు సున్నా కాబట్టి వచ్చిన సొమ్మంతా లాభమే. కొనుగోలు ఖర్చు ఏళ్ల మీద పరుచుకుంటుంది, అమ్మకం లాభం మాత్రం ఒక్క ఏడాదిలో వచ్చి పడుతుంది. మధ్యస్థాయి క్లబ్బుల వ్యాపారమంతా ఈ తేడా మీదే నడుస్తుంది. ఒప్పందాన్ని ఎనిమిదేళ్లకు సాగదీసి ఏటా పడే ఖర్చును తగ్గించే ఎత్తుగడను చెల్సీ విరివిగా వాడింది. ఆ తరువాత యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య అయిన యుఎఫా, ప్రీమియర్ లీగ్ రెండూ 2023లో ఈ లెక్కను అయిదేళ్లకు మించి పరచకూడదని నిబంధన తెచ్చాయి.

అయితే ఎప్పుడు అమ్మాలన్నదే అసలైన నైపుణ్యం. హార్బర్‌లో తెల్లవారుజామున ఒడ్డుకు చేరిన చేపకు వేలంలో పలికే ధర, ఎండ ఎక్కేకొద్దీ, ఐసు కరిగేకొద్దీ పడిపోతుంది. అదే చేప, అదే కొనుగోలుదారు, కానీ అమ్మేవాడికి వ్యవధి లేదని అవతలివారికి తెలిసిపోయి ఉంటుంది. ఆటగాడి ఒప్పందం చివరి ఏడాదిలోకి వచ్చినప్పుడు క్లబ్బు పరిస్థితి సరిగ్గా ఇదే. ఒప్పందం ముగిస్తే అతను పైసా రాకుండానే వెళ్లిపోగలడు కనుక, అప్పటికి అతను ఎంత బాగా ఆడుతున్నా బేరం క్లబ్బు చేతిలో ఉండదు.

మోయిసెస్ కైసెడో విషయంలో బ్రైటన్ చేసింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఈక్వడార్‌లోని ఇండిపెండియెంటే దెల్ వాయే నుంచి 2021లో సుమారు 45 లక్షల పౌండ్లకు అతన్ని తెచ్చి, కొంతకాలం బెల్జియంలోని బీర్‌షాట్‌కు అరువుగా పంపి, తిరిగి రప్పించారు. 2022 వేసవిలో మధ్య వరుసలోని ఈవ్ బిసూమాను టాటెన్‌హామ్‌కు అమ్మేసరికి కైసెడో అప్పటికే జట్టులో సిద్ధంగా ఉన్నాడు. అంటే అమ్మకం ప్రకటించే నాటికి ఆ స్థానం భర్తీ అయిపోయి ఉంది. 2023 జనవరిలో ఆర్సెనల్ అతని కోసం వచ్చింది, తనను వెళ్లనివ్వమని అతను బహిరంగంగానే కోరాడు, అయినా క్లబ్బు ఒప్పుకోలేదు. మార్చిలో అతనితోనే 2027 వరకు కొత్త ఒప్పందం చేసుకుంది. ఆగస్టులో చెల్సీ 10 కోట్ల పౌండ్లు, షరతులు నెరవేరితే మరో 1.5 కోట్లు ఇచ్చి అతన్ని తీసుకుపోయింది. బ్రైటన్ అదే ఆగస్టులో లీల్ క్లబ్బు నుంచి కార్లోస్ బలేబాను కొన్నది. మార్చిలో పెంచిన జీతాన్ని నేనైతే జీతంగా లెక్కించను. అయిదు నెలల తరువాత బేరంలో గట్టిగా కూర్చోవడానికి క్లబ్బు ముందుగా కట్టిన బీమా వాయిదాగానే చూస్తాను.

2022-23 సీజన్‌లో బ్రైటన్ ఆరో స్థానంలో నిలిచి తొలిసారి యూరప్ పోటీలకు అర్హత సాధించింది. అదే ఆర్థిక సంవత్సరంలో 12 కోట్ల పౌండ్లకు పైగా లాభం చూపింది. ఈ రెండు మాటలూ కలిపి చెప్పి ఊరుకుంటే మాత్రం నిజం సగమే చెప్పినట్టు. అంతకుముందు చాలా సంవత్సరాలు క్లబ్బు నష్టాలలో నడిచింది, యజమాని టోనీ బ్లూమ్ వడ్డీ లేకుండా పెద్ద మొత్తాలు అప్పుగా ఇస్తూ దాన్ని మోశాడు. ఓర్పున్న డబ్బు వెనుక లేకపోతే, జనవరిలో వచ్చిన మొదటి బేరానికే తలవంచవలసి వచ్చేది.

ఇక జీతాల సంగతి. ఆర్థికవేత్త స్టెఫాన్ షిమాన్‌స్కీ చాలాకాలంగా చెబుతున్న మాట ఏమిటంటే, దీర్ఘకాలంలో లీగ్ పట్టికలో క్లబ్బు స్థానానికి, అది ఆటగాళ్ల కొనుగోళ్లకు పెట్టిన ఖర్చుతో కంటే జీతాల బిల్లుతోనే దగ్గర సంబంధం ఉంటుంది. దీన్ని బట్టి చూస్తే జీతాలు తగ్గించుకున్న క్లబ్బు కిందనే ఉండాలి. బ్రెంట్‌ఫర్డ్ 2021లో ప్రీమియర్ లీగ్‌లోకి వచ్చినప్పుడు అందరికంటే తక్కువ జీతాలిచ్చే క్లబ్బులలో ఒకటి, అయినా నిలబడింది. ధర ఇంకా పలకని వయసులో, ఇంకా చూపు పడని లీగులలో మనిషిని పట్టుకోగలిగితే, ఇచ్చే జీతానికి మించిన ఆట కొంతకాలం దొరుకుతుంది. ఆ కొంతకాలం ముగియగానే అతను తన ఆటకు తగిన జీతం అడుగుతాడు. అక్కడే క్లబ్బు తేల్చుకోవాలి. బ్రెంట్‌ఫర్డ్ ఆలీ వాట్కిన్స్‌ను 2020లో ఆస్టన్ విల్లాకు అమ్మి, అదే వేసవిలో మూడో అంచెలోని పీటర్‌బరో నుంచి ఐవన్ టోనీని తెచ్చుకుంది. 2024లో టోనీని సౌదీకి, 2025లో బ్రయన్ ఎంబ్యూమోను మాంచెస్టర్ యునైటెడ్‌కు పంపింది.

ఒకరికి మాత్రమే పరిమితి దాటించి ఇస్తే ఏమవుతుందో మా చిన్న క్లబ్బులోనే చూశాను. మేము ఇచ్చేది జీతం కాదు, దారి ఖర్చులకూ తిండికీ సరిపడే మ్యాచ్ భత్యం. ఒక టోర్నమెంటుకు ముందు మా ముందు వరుస కుర్రవాడు ఎక్కువ అడిగితే, కమిటీలో కొందరు ఇచ్చేద్దామన్నారు. అతనికి ఇచ్చిన సంగతి సాయంత్రం ప్రాక్టీసు ముగిసేలోపే జట్టంతా తెలిసిపోయింది. గోల్‌కీపరు నా దగ్గరకు వచ్చి, "మాస్టారూ, గోల్ వేసినోడికే గానీ ఆపినోడికి లెక్క లేదాండీ?" అని అడిగాడు. ఆ తరువాత కమిటీ అందరికీ ఒకే భత్యం, గెలిచినప్పుడు అందరికీ ఒకే బోనస్ అని తీర్మానం రాసి గోడకు అంటించింది. ఎక్కువ కావాలన్నవారు వెళ్లిపోవచ్చు, మేము అడ్డు చెప్పము. యూరప్ క్లబ్బుల జీతాల శ్రేణులు కూడా ఈ పనే చేస్తాయి: ఒకరి పెంపు ఆ ఒక్కరితో ఆగదు, వెనుక ఇరవై మంది ఏజెంట్లు వరుస కడతారు.

దీనికి పాఠం ఇంగ్లండ్ క్లబ్బు లెస్టర్. 2014లో ల ఆవ్ర్ నుంచి సుమారు నాలుగున్నర లక్షల పౌండ్లకు తెచ్చిన రియాద్ మహ్రెజ్, 2015లో కాన్ నుంచి తెచ్చిన ఎంగోలో కాంటే 2016లో ప్రీమియర్ లీగ్ టైటిల్ గెలిచిన జట్టుకు వెన్నెముకగా నిలిచారు. ఆ తరువాత క్లబ్బు ప్రతి వేసవిలో ఒక పెద్ద అమ్మకం చేసింది: 2016లో కాంటే, 2017లో డ్రింక్‌వాటర్, 2018లో మహ్రెజ్, 2019లో 8 కోట్ల పౌండ్లకు మగ్వైర్, 2020లో చిల్‌వెల్. ఇన్నేళ్లూ జట్టు బలహీనపడలేదు సరికదా, 2021లో ఎఫ్ఏ కప్ గెలిచింది. అదే 2021 వేసవిలో పెద్ద అమ్మకమేదీ చేయలేదు. జట్టును కలిపి ఉంచి పట్టికలో పై నాలుగు స్థానాలలో చేరాలన్న ఆశతో జీతాలు మాత్రం పెరుగుతూ పోయాయి. ఆశ తీరలేదు, 2022-23లో జీతాల బిల్లు క్లబ్బు మొత్తం ఆదాయాన్నే మించింది, ఆ సీజన్ చివర జట్టు కింది అంచెకు దిగిపోయింది, యూరీ టీలెమాన్స్, చాగ్లార్ సొయుంజు ఒప్పందాలు ముగిసి ఉచితంగా వెళ్లిపోయారు. పెద్ద జీతానికి అలవాటుపడిన ఆటగాడిని అంత జీతం ఇవ్వగల క్లబ్బు ఏదో ఒకటి మాత్రమే కొనగలదు, అది రాకపోతే అమ్మకమే లేదు. మొదట చెప్పిన నా మాటకు ఇంతకంటే స్పష్టమైన రుజువు నాకు కనిపించలేదు.

లీగులు పెట్టే పరిమితుల గురించి మీరు అడగలేదు కానీ, అవి ఈ కథలో నుంచి విడదీయలేనివి. ప్రీమియర్ లీగ్‌లో మూడేళ్ల మీద 10.5 కోట్ల పౌండ్లకు మించి నష్టం రాకూడదన్న నిబంధన కింద ఎవర్టన్‌కు 2023-24లో మొదట 10 పాయింట్లు కోసి, అప్పీలులో 6కు తగ్గించి, మరో కేసులో ఇంకో 2 కోశారు. నాటింగ్‌హామ్ ఫారెస్ట్ కథ మరీ విచిత్రమైనది. సొంత అకాడమీ కుర్రవాడు బ్రెనన్ జాన్సన్‌ను లెక్కలు మూసే జూన్ 30లోపు అమ్మి ఉంటే గండం చాలావరకు గడిచేది. మంచి ధర కోసం ఆగి సెప్టెంబరు 1న 4.75 కోట్ల పౌండ్లకు టాటెన్‌హామ్‌కు ఇచ్చారు. వ్యాపారిగా చూస్తే సరైన నిర్ణయమే, కానీ లెక్క పాత సంవత్సరంలో పడలేదు, 4 పాయింట్లు పోయాయి. ఆడిటు కాలంలో ఇటువంటి తేదీల తగవులు మా వృత్తిలో నిత్యం ఉండేవే కాబట్టి, ఆ తీర్పు చదువుతున్నప్పుడు నాకు ఆశ్చర్యం కంటే సానుభూతే ఎక్కువ కలిగింది.

యుఎఫా పద్ధతి వేరు. జీతాలు, ఏటి తరుగుదల, ఏజెంట్ల రుసుములు అన్నీ కలిపి ఆదాయంలో 90 శాతంతో మొదలుపెట్టి, 80కి, 2025-26 నుంచి 70 శాతానికి దించారు. ఆటగాళ్ల అమ్మకాల మీద వచ్చిన లాభాన్ని ఆదాయం వైపు కలుపుకోనిస్తారు కనుక అమ్మగల క్లబ్బుకు ఊపిరాడుతుంది. అయితే నిష్పత్తి మీద పెట్టే పరిమితి సమానత్వం తెస్తుందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 80 కోట్ల ఆదాయమున్న క్లబ్బుకు 70 శాతమంటే 56 కోట్లు, 15 కోట్ల క్లబ్బుకు పదిన్నర కోట్లు. అంతరాన్ని చెరపకుండా అది చట్టబద్ధం మాత్రం చేస్తుంది. అందరికీ ఒకే అంకె పెట్టే పద్ధతి మన ఇండియన్ సూపర్ లీగ్‌లో ఉండేది. కొన్ని సీజన్ల పాటు జట్టు మొత్తానికి పరిమితి 16.5 కోట్ల రూపాయలు.

ఆ పరిమితి లోపలే హైదరాబాద్ ఎఫ్‌సీ యువకులను పెంచి, 2021లో లిస్టన్ కొలాసోను మోహన్ బగాన్‌కు సుమారు కోటి రూపాయలకు అమ్మి, 2022 మార్చిలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి విజేత అయింది. రెండేళ్లు తిరిగేసరికి జీతాల బకాయిలతో, ఫిఫా విధించిన బదిలీ నిషేధాలతో జట్టు చెదిరిపోయి పట్టికలో చివరన నిలిచింది. జీతాలకు పరిమితి ఉన్నంత మాత్రాన, ఆ పరిమిత జీతం నెలనెలా చెల్లించే సొమ్ము కూడా ఉన్నట్టు కాదు.

విశాఖలో పరిస్థితి ఇంకా భిన్నం. ఇక్కడ మా కుర్రాళ్లను తీసుకుపోయేవి పెద్ద క్లబ్బులు కావు, క్రీడా కోటాలో ఉద్యోగం ఇచ్చే సంస్థల జట్లు. "మీ దగ్గర ఆట బాగానే నేర్చాడు బాబూ, కానీ పర్మినెంటు ఉద్యోగం మళ్లీ రమ్మంటే రాదు కదా" అని ఒక తండ్రి అన్నప్పుడు మా దగ్గర జవాబు లేదు, ఉండనవసరమూ లేదు. అలా వెళ్లినవారి మీద మాకు రూపాయి రాదు. వచ్చే వీలున్న ఒక దారి ఫిఫా సంఘీభావ నిధి: ఆటగాడు ఒక దేశపు సమాఖ్య నుంచి మరో దేశపు సమాఖ్యకు ఫీజుతో మారినప్పుడు, ఆ ఫీజులో 5 శాతాన్ని 12 నుంచి 23 ఏళ్ల వయసు మధ్య అతన్ని తీర్చిదిద్దిన క్లబ్బులకు పంచాలి. 15 ఏళ్ల వరకు ఏడాదికి 0.25 శాతం, ఆ పైన 0.5 శాతం చొప్పున లెక్క కడతారు. ఆ కుర్రవాడు ఆ ఏళ్లలో మన క్లబ్బు పేరుమీద నమోదై ఉండకపోతే అడిగే హక్కే ఉండదు. అందుకే మా క్లబ్బులో పన్నెండేళ్లు నిండిన ప్రతి పిల్లవాడి పేరునూ, పుట్టినతేదీ పత్రం జతచేసి, జాతీయ సమాఖ్య నమోదు వ్యవస్థలో ఏటా సీజన్ మొదలు కాకముందే ఎక్కిస్తున్నాము. మీరు కూడా ఏదైనా స్థానిక క్లబ్బుతో కలిసి పనిచేస్తుంటే, జెర్సీల సంగతి కంటే ముందు ఈ నమోదు సంగతి చూడండి.