వరస విజయాలు చూసి గొప్ప జట్టు అనేయొచ్చా?

క్రికెట్‌లో సిరీస్ మీద సిరీస్ గెలుస్తున్న జట్టును గొప్ప జట్టు అనొచ్చా అన్నది ప్రశ్న. గెలుపుల లెక్క ఒక్కటే చూసి మాత్రం అనలేం. ముందు ఆ లెక్కను వడకట్టాలి.

స్టాట్స్‌గురులో (క్రిక్‌ఇన్ఫో సైటులో గణాంకాలు వెతికే సాధనం) టెస్టు ఫలితాలు తీసి, సొంతగడ్డ మీద ఆడినవి పక్కన పెట్టండి. మిగిలినవాటిని దేశాలవారీగా విడదీయండి. విదేశీ గెలుపులన్నీ కలిపి శాతం చూస్తే మోసపోతాం, బలహీన జట్ల మీద గెలుపులూ అందులోనే కలిసిపోతాయి. ఆసియా జట్టయితే ఆస్ట్రేలియా, ఇంగ్లండ్, దక్షిణాఫ్రికా, న్యూజిలాండ్‌లలో ఏం చేసిందో చూడాలి. ఆ దేశాల జట్టయితే భారత్, శ్రీలంక, పాకిస్తాన్‌లలో.

తర్వాత ఆయా సిరీస్‌లలో ఎవరు ఆడలేదో చూడండి, చాలామంది వదిలేసేది ఇదే. 2018-19లో ఆస్ట్రేలియాలో మనం 2-1తో గెలిచినప్పుడు వాళ్ల ప్రధాన బ్యాటర్లు స్మిత్, వార్నర్ నిషేధంలో ఉన్నారు. 2020-21లో స్మిత్ నాలుగు టెస్టులూ ఆడాడు, వార్నర్ చివరి రెండూ ఆడాడు. మనవైపే కోహ్లి మొదటి టెస్టు తర్వాత ఇంటికి వెళ్లిపోయాడు. బ్రిస్బేన్‌లోని గబ్బాలో జరిగిన చివరి టెస్టు నాటికి బుమ్రా, అశ్విన్, జడేజా, షమీ అందరూ గాయాలతో బయటే. అయినా 2-1. రెండుసార్లూ స్కోరు ఒకటే, కానీ నా లెక్కలో రెండోది చాలా పెద్దది.

ఇక బౌలింగ్. పరాయి పిచ్ మీద 20 వికెట్లు తీయలేని జట్టు టెస్టు గెలవలేదు, ఎదుటివాళ్లు డిక్లేర్ చేస్తే (వికెట్లు మిగిలుండగానే ఇన్నింగ్స్ ముగిస్తే) తప్ప. అయితే తీసినంత మాత్రాన సరిపోదు. 2018లో దక్షిణాఫ్రికాలో మనవాళ్లు మూడు టెస్టుల్లో 60కి 60 వికెట్లూ తీశారు, సిరీస్ 1-2తో పోయింది. బౌలింగ్ ఆ స్థాయికి చేరింది, బ్యాటింగ్ చేరలేదు.

సొంతగడ్డ రికార్డును తీసిపారేయమని కాదు. 2013 నుంచి 2024 దాకా మనం స్వదేశంలో వరసగా 18 టెస్టు సిరీస్‌లు గెలవడం ప్రపంచ రికార్డు. కానీ అది ఎలా ముగిసిందో చూడండి. 2024లో న్యూజిలాండ్ 3-0తో గెలిచింది. స్పిన్‌కు సాయపడిన పుణే పిచ్ మీద శాంట్నర్ ఒక్కడే 13 వికెట్లు తీశాడు. 2017లో అదే పుణేలో ఆస్ట్రేలియా స్పిన్నర్ ఓకీఫ్ 12 తీశాడు. బంతి మరీ తిరిగే పిచ్ మీద మంచి స్పిన్నర్‌కూ మామూలు స్పిన్నర్‌కూ తేడా చెరిగిపోతుంది. అంటే మన బలం ఎక్కువగా ఉన్నచోటే దాన్ని మనమే తగ్గించుకున్నట్టు.

గొప్ప జట్టు ఓడకూడదనేం లేదు. 1980 నుంచి 1995 దాకా ఒక్క టెస్టు సిరీస్ కూడా ఓడని వెస్టిండీస్ మధ్యలో చాలా డ్రాలు చేసుకుంది. 1987-88లో మద్రాసులో మన స్పిన్నర్ హిర్వాణీ 16 వికెట్లు తీయడంతో మనతోనూ 1-1. 1983 ప్రపంచకప్ ఫైనల్ ఓడి, అదే ఏడాది చివర్లో మన దగ్గరికొచ్చి టెస్టులు 3-0, వన్డేలు 5-0 గెలిచింది. ఒక్క ఫైనల్ చాలా చిన్న సాక్ష్యం. ఆ పదిహేనేళ్లలో లాయిడ్, రిచర్డ్స్, రిచర్డ్‌సన్ కెప్టెన్లుగా మారారు. ఫాస్ట్ బౌలర్లు హోల్డింగ్, గార్నర్ పోతే ఆంబ్రోస్, బిషప్ వచ్చారు. మనుషులు మారినా పట్టు సడలలేదు.

ఆస్ట్రేలియా రెండుసార్లు వరసగా 16 టెస్టులు గెలిచింది, 2003, 2007 ప్రపంచకప్‌లు ఒక్కోదానిలో ఆడిన 11కి 11 మ్యాచ్‌లూ గెలిచింది. కానీ 2005లో ఇంగ్లండ్‌తో యాషెస్ సిరీస్‌లో పేసర్ మెక్‌గ్రాత్ ఆడని రెండు టెస్టులే ఓడింది, సిరీస్ పోవడానికి అవే చాలాయి. 2007లో అతనూ స్పిన్నర్ వార్నూ రిటైరయ్యాక రెండేళ్లలోపే సొంతగడ్డ మీద దక్షిణాఫ్రికా చేతిలో సిరీస్ పోగొట్టుకుంది. గొప్ప జట్టే, సందేహం లేదు. అయితే ఇద్దరి మీద ఎంత ఆధారపడిందో అప్పుడు తేలింది.

ద్వైపాక్షిక వన్డే, టీ20 సిరీస్‌లను నేను ఈ లెక్కలోకి తీసుకోను. సగం జట్లు వాటిలో కొత్తవాళ్లను పరీక్షిస్తుంటాయి.

ఈ వడపోత పెడితే జాబితాలోకి రావాల్సిన ఇంకో జట్టు దక్షిణాఫ్రికా. 2006లో శ్రీలంకలో ఓడాక, 2015 చివర్లో భారత్‌కు వచ్చేదాకా విదేశాల్లో ఒక్క టెస్టు సిరీస్ కూడా ఓడలేదు. అదే కాలంలో స్వదేశంలో ఆస్ట్రేలియా చేతిలో రెండుసార్లు ఓడింది, ఐసీసీ కప్పూ గెలవలేదు కాబట్టి జనం దాన్ని లెక్కలోకి తీసుకోరు. నేనైతే వెస్టిండీస్, ఆస్ట్రేలియాల తర్వాత దానికే చోటిస్తాను, 2013-24 నాటి మన జట్టుకన్నా ముందు.