రాష్ట్రంలో యంత్రాల తయారీ విలువ కట్టేటప్పుడు

చిరంజీవి హారికకు, ఆశీస్సులు.

రాష్ట్రంలో యంత్రాల తయారీ విలువెంతో తేల్చే పని నీకు అప్పగించారని తెలిసింది. కంపెనీల టర్నోవర్లు పోగేసి కూడటం మాత్రం మొదలుపెట్టకు. ఒక బేరింగు దాన్ని చేసిన ఫ్యాక్టరీ అమ్మకంలో ఒకసారి, దాన్ని బిగించిన పంపు అమ్మకంలో మరోసారి లెక్కకొస్తుంది. నీకు కావలసింది స్థూల విలువ జోడింపు, అంటే జీవీఏ: ఉత్పత్తి విలువలోంచి బయట కొన్న సరుకు, సేవల ఖర్చు తీసేస్తే మిగిలేది.

ముందు హద్దు గీసుకో. జాతీయ పరిశ్రమల వర్గీకరణ ఎన్‌ఐసీ-2008లో 28వ డివిజన్ నీది. పంపులు, కంప్రెసర్లు, వాల్వులు, గేర్లు, లిఫ్టులు, మెషిన్ టూల్స్, ట్రాక్టర్లు అందులోనే ఉంటాయి. విద్యుత్ మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు 27లోకి, కంప్యూటర్లు 26లోకి, యంత్రాల మరమ్మతు 33లోకి పోతాయి. పాత ఏళ్ల జోలికి వెళ్తే ఇంకో చిక్కుంది. ఎన్‌ఐసీ-2004లో యంత్రాల డివిజన్ 29. గృహోపకరణాలు, ఆయుధాలు కూడా అప్పుడు అక్కడే ఉండేవి. ఇప్పుడు 29 అంటే మోటారు వాహనాలు. నంబరు చూసి పాతవీ కొత్తవీ అతికించావో, ట్రాక్టరు పక్కన కారొచ్చి కూర్చుంటుంది.

ప్రధాన ఆధారం వార్షిక పరిశ్రమల సర్వే, మనందరి నోట్లో ఏఎస్‌ఐ. యూనిట్ స్థాయి డేటా వాడితే ప్రతి ఫ్యాక్టరీ విలువనూ దాని మల్టిప్లయర్‌తో, అంటే శాంపిల్‌లోని ఆ ఒక్కటి ఎన్ని ఫ్యాక్టరీల తరఫున నిలబడుతుందో ఆ సంఖ్యతో, గుణించాకే కూడాలి. గుణించకపోతే శాంపిల్‌లో పడ్డ ఫ్యాక్టరీల మొత్తమే వస్తుంది, రాష్ట్రం మొత్తం రాదు. ఆ డేటా రూపాయల్లో ఉంటుంది, అచ్చయ్యే పట్టికలు లక్షల్లో ఉంటాయి. ఈ తేడా దగ్గర బోల్తా పడేవాళ్లు చాలామంది.

లెక్క ఎలా నడుస్తుందో ఊహాజనితమైన ఒక పంపుల ఫ్యాక్టరీ మీద చూడు. సరుకు ఎక్స్-ఫ్యాక్టరీ విలువ, జీఎస్టీ కలపకుండా, 100 కోట్లు. సగం తయారైన సరుకు నిల్వ ఏడాదిలో 6 కోట్లు పెరిగింది. బయటివాళ్లకు చేసిపెట్టిన జాబ్ వర్కు మీద 4 కోట్లు వచ్చింది. మొత్తం ఉత్పత్తి 110. ముడిసరుకు 62, కరెంటు, ఇంధనం 3, బయట చేయించిన పని 5, మరమ్మతులు, బీమా వగైరా 8, అన్నీ కలిపి 78 కోట్లు తీసెయ్. జీవీఏ 32 కోట్లు. జీతాలు, వడ్డీ ఇందులోంచి తీయకూడదు. తరుగుదల తీస్తే వచ్చేది నికర విలువ, అది వేరే సంఖ్య.

ఆ 6 కోట్లను చిన్నచూపు చూడకు. పెద్ద ప్రెస్సో క్రేనో తయారు కావడానికి ఏడాది దాటవచ్చు. నిల్వ మార్పు వదిలేస్తే పని జరిగిన ఏడాది పరిశ్రమ పడుకున్నట్టు, డెలివరీ ఏడాది ఎగిరి గంతేసినట్టు కనిపిస్తుంది.

ఏఎస్‌ఐ ప్రధానంగా చూస్తూ వచ్చింది ఫ్యాక్టరీల చట్టం కింద రిజిస్టరైన వాటినే; ఆ చట్టం 2025 నవంబరు దాకా అమల్లో ఉంది. చట్టంలో మొదట ఉన్న హద్దు విద్యుత్ వాడితే 10 మంది, వాడకపోతే 20 మంది కార్మికులు. రాజస్థాన్ లాంటి రాష్ట్రాలు దాన్ని 20, 40కి పెంచాయి కాబట్టి రెండు రాష్ట్రాల్ని పోల్చేముందు ఇది చూసుకో. నలుగురైదుగురితో నడిచే లేత్ షెడ్లు, కంపెనీలుగా నమోదు కాని చిన్న సంస్థల మీద జరిగే ఏఎస్‌యూఎస్‌ఈ సర్వేలో దొరుకుతాయి. 2022-23 సర్వే అక్టోబరు నుంచి సెప్టెంబరు దాకా జరిగింది, ఏఎస్‌ఐ ఏడాదేమో ఏప్రిల్ నుంచి మార్చి. రెండూ కలిపినప్పుడు ఆ ఆరు నెలల తేడా పట్టిక కింద రాసిపెట్టు.

అసలు తలనొప్పి స్థిర ధరల దగ్గర, అంటే ధరల పెరుగుదలను తీసేసి లెక్క కట్టే దగ్గర. టోకు ధరల సూచీలో యంత్రాలకు విడిగా సూచీ ఉంది, కానీ అది దేశం మొత్తానికి. మీ రాష్ట్రంలో మెషిన్ టూల్స్ ఎక్కువై, దేశ సగటులో ఇతర యంత్రాలు ఎక్కువైతే అది సరిగ్గా అతకదు. దానికితోడు జీవీఏని ఒక్క ఉత్పత్తి ధరతోనే భాగించడం మామూలైపోయింది. ఉక్కు ధర పెరిగి యంత్రం ధర అంతగా పెరగకపోతే, తయారైన యంత్రాలు అన్నే ఉన్నా స్థిర ధరల్లో జీవీఏ తగ్గినట్టు తేలుతుంది. వీలైతే ఉత్పత్తిని దాని సూచీతో, ముడిసరుకును దాని సూచీతో విడివిడిగా భాగించి ఆ తర్వాత తీసివెయ్. శ్రమ రెట్టింపు, అయినా ఆ పద్ధతే మేలు.

నీ సంఖ్య రాష్ట్ర స్థూల ఉత్పత్తి, అంటే జీఎస్‌డీపీ పట్టికతో అచ్చంగా కలవకపోతే కంగారు పడకు. 2011-12 సిరీస్‌లో కంపెనీల విలువ, అవి కార్పొరేట్ వ్యవహారాల శాఖకు (ఎంసీఏ) ఇచ్చే ఫైలింగుల నుంచి వస్తుంది, దాన్ని రాష్ట్రాలకు పంచడానికే ఏఎస్‌ఐ నిష్పత్తులు వాడతారు. అంచేత రెంటినీ కలిపించాలని అంకెలు సర్దకు. జీవీఏని ఉత్పత్తితో భాగించి ఏడాదివారీగా పేర్చు. ఎక్కడైనా ఆ నిష్పత్తి ఒక్కసారిగా సగానికి పడితే పరిశ్రమ కుప్పకూలిందని రాసేముందు ఆ ఏడాది అతి పెద్ద నాలుగైదు యూనిట్ల ఎన్‌ఐసీ కోడ్ మారిందేమో తెరిచి చూడు.