టీవీ అంచుల్లో తెగిపోయే బొమ్మ: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా అన్న కూతురి పెళ్లి వీడియో నేనే ఎడిట్ చేసినాను. లాప్‌టాప్‌లో అంతా బాగుంది. కర్నూలులో మా అత్తవాళ్ల టీవీకి పెన్‌డ్రైవ్ పెడితే కింద వేసిన పేర్లు సగం తెగిపోయినాయి, ఎడమ పక్క తేదీలో మొదటి అంకె లేదు. మా ఇంటి టీవీలో మాత్రం సరిగానే వస్తోంది. తప్పు వీడియోదా, టీవీదా?
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: ఇద్దరి పనీ ఉంది. కొన్ని టీవీలు వచ్చిన బొమ్మను కాస్త పెద్దది చేసి నాలుగు అంచులనూ తెర బయటికి నెట్టేస్తాయి. దీన్ని ఓవర్‌స్కాన్ అంటారు. డబ్బా టీవీలకు ఇది అవసరమే. పిక్చర్ ట్యూబ్‌లో బొమ్మ సైజు నిలకడగా ఉండదు. వోల్టేజీ మారినా, బాగా వెలుగున్న సీను వచ్చినా, లోపలి భాగాలు పాతబడినా అది సాగుతుంది, ముడుచుకుంటుంది. అంచున నల్ల పట్టీ బయటపడకుండా బొమ్మను తెరకంటే పెద్దగా పెట్టేవాళ్లు. ఎల్ఈడీ టీవీకి ఆ అవసరం లేదు, అయినా పాత పద్ధతి కొన్ని టీవీల్లో ఇంకా మిగిలే ఉంది.

అత్తవాళ్ల టీవీలో పిక్చర్ సైజు సెట్టింగ్ చూడండి. సామ్‌సంగ్‌లో ‘స్క్రీన్ ఫిట్’ లేదా ‘ఫిట్ టు స్క్రీన్’, ఎల్‌జీలో ‘జస్ట్ స్కాన్’, సోనీలో డిస్‌ప్లే ఏరియా కింద ‘ఫుల్ పిక్సెల్’ అని ఉంటుంది. మోడల్‌ను బట్టి పేరు కొంచెం మారవచ్చు. అది పెడితే అంచులు కనబడడమే కాదు, అక్షరాలూ పదునెక్కుతాయి. 1920×1080 పిక్సెళ్ల (ఫుల్ హెచ్‌డీ) బొమ్మను సాగదీసి చూపడం ఆగిపోతుంది కాబట్టి. చాలా టీవీల్లో ఈ సెట్టింగ్ ఒక్కో ఇన్‌పుట్‌కు వేరుగా ఉంటుంది. హెచ్‌డీఎంఐకి మార్చితే పెన్‌డ్రైవ్‌కు మారిందనుకోకండి.

అయితే పెళ్లి వీడియో పది ఇళ్లకు పోతుంది. ప్రతి ఇంటికీ పోయి రిమోట్ పట్టుకోలేరు గదా. అందుకే అసలు మందు ఎడిటింగ్‌లోనే వేయాలి. 1920×1080 వీడియోలో అక్షరాలన్నీ ఎడమ, కుడి 96 పిక్సెళ్లు, పైన, కింద 54 పిక్సెళ్లు వదిలి లోపల ఉంచండి. అంటే మధ్యలోని 90 శాతం, 1728×972. ఇప్పటి హెచ్‌డీ ప్రమాణం ఇదే. ముఖాలు, చేతులు, తలంబ్రాలు పోసే పళ్లెం లాంటివి 93 శాతంలోపు ఉంటే చాలు. డబ్బా టీవీలో చూసేవాళ్లు ఇంకా ఉన్నారనుకుంటే పాత లెక్క పట్టండి. అక్షరాలకు 80 శాతం, అంటే పక్కలకు 192, పైకీ కిందికీ 108 పిక్సెళ్లు. పక్కల మరీ ఎక్కువ ఖాళీ అనిపించినా పేరు తెగడం కంటే అదే మేలు.

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లలో డావిన్సీ రిజాల్వ్ అయితే వ్యూ మెనూ కింద ‘సేఫ్ ఏరియా’, ప్రీమియర్‌లో ప్రోగ్రామ్ మానిటర్ సెట్టింగ్‌లో ‘సేఫ్ మార్జిన్స్’ పెడితే ఈ హద్దులు చూపే గీతలు కనబడతాయి. అవి ఎక్స్‌పోర్ట్‌లో రావు. వీటిలో కొన్ని పాత లెక్క ప్రకారం అక్షరాలకు 80, మిగతా వాటికి 90 శాతం గీతలే చూపిస్తాయి, ఏది చూస్తున్నారో సరిచూసుకోండి. తెలుగులో వత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. అందుకని అక్షరాల పాదాన్ని గాక, ‘క్ష్మి’ లాంటి అక్షరం అట్టడుగు వత్తును గీతకు లోపల పెట్టండి.

వీడియో ఇప్పటికే తయారై, ప్రాజెక్ట్ ఫైలు లేకపోతే మొత్తం బొమ్మను 95 శాతానికి తగ్గించి చుట్టూ నలుపు నింపండి. 1824×1026 అవుతుంది, పక్కలకు 48, పైనా కిందా 27 పిక్సెళ్ల నలుపు మిగులుతుంది. ఓవర్‌స్కాన్ లేని టీవీలో ఆ నల్ల అంచు కనబడుతుంది, తప్పదు.

ప్రశ్న: మా పాత వీహెచ్ఎస్ క్యాసెట్లు (దేవుని కడప తిరునాళ్లు, గృహప్రవేశం) కంప్యూటర్‌లోకి ఎక్కించాం. కొత్త టీవీలో బొమ్మ అడుగున ఒక పట్టీ మెలికలు తిరుగుతోంది. టేపు పాడైందా? మనుషులు కూడా లావుగా కనబడుతున్నారు.
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: టేపు పాడు కాలేదు. వీసీఆర్ (క్యాసెట్ ఆడించే యంత్రం) డ్రమ్ములో రెండు హెడ్లు వంతులవారీగా బొమ్మను చదువుతాయి. ఒకటి ఆగి ఇంకోటి అందుకునే చోట అడుగున కొన్ని గీతలు చెదురుతాయి. డబ్బా టీవీ ఓవర్‌స్కాన్ వాటిని దాచేసింది. కొత్త టీవీ అంచువరకూ చూపిస్తోంది.

720×576 ఫైలులో అడుగున 8 నుంచి 12 గీతలమీద నలుపు వేయండి, సరి సంఖ్యలో. కత్తిరించి సాగదీస్తే బొమ్మ ఆకారం మారుతుంది. టేపు బొమ్మ రెండు ఫీల్డులుగా, అంటే బేసి గీతలు ఒకటిగా, సరి గీతలు ఒకటిగా ఉంటుంది. వాటిని పూర్తి బొమ్మలుగా మార్చడమే డీఇంటర్‌లేస్. అది చేయకముందు నిలువు సైజు అసలు ముట్టుకోకండి. రెండు ఫీల్డులూ కలిసిపోయి, కదిలే చోట దువ్వెన పళ్లలా గీతలు పడతాయి, ఆ తర్వాత అవి పోవు. మొదట ఎక్కించిన ఫైలు మాత్రం చెరపకుండా దాచుకోండి.

లావుకు కారణం 4:3 (పాత టీవీ ఆకారం) బొమ్మను 16:9కు (కొత్త వెడల్పు టీవీ ఆకారం) సాగదీయడం. టీవీలో 4:3 ఎంచుకోండి, పక్కల నల్ల పట్టీలు ఉండనీయండి. ‘జూమ్’ పెడితే పైన ఎనిమిదో వంతు, కింద ఎనిమిదో వంతు పోతాయి. నిలబడినవాళ్ల తలలు పోయేది అక్కడే.

ప్రశ్న: లాప్‌టాప్‌ను హెచ్‌డీఎంఐతో టీవీకి కలిపితే టాస్క్‌బార్ కనబడదు.
– ఒక విద్యార్థి, అనంతపురం

జవాబు: ఇదీ ఓవర్‌స్కానే. ముందు టీవీలో పైన చెప్పిన పిక్చర్ సైజు సెట్టింగ్ మార్చండి. కుదరకపోతే ఆ హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ పేరును ‘పీసీ’గా మార్చండి, కొన్ని టీవీల్లో అంతటితోనే ఓవర్‌స్కాన్ ఆగుతుంది. అదీ కాకుంటేనే లాప్‌టాప్ గ్రాఫిక్స్ కార్డు సెట్టింగ్‌లో స్కేలింగ్ (బొమ్మ సైజు) తగ్గించండి. అలా చేస్తే అక్షరాలు కాస్త మసకబారతాయి కనుక అది చివరి దారి.