నెలన్నర పాపకు నా పాలు చాలుతున్నాయా? డబ్బాపాలు మొదలుపెట్టాలా?

చెల్లెమ్మా, పాప సాయంత్రమంతా ఏడుస్తోందని, మీ అత్తగారు డబ్బాపాలు పట్టమంటున్నారని, పోషకాల్లో రెండూ సమానమేనా అని అడిగారు. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. పెద్దవాడిని పూర్తిగా నా పాలతోనే పెంచాను. నెలలు నిండకుండా పుట్టిన చిన్నదానికి డాక్టరు చెప్పడంతో కొన్నాళ్లు రెండూ పట్టాను.

శక్తి విషయంలో పెద్ద తేడా లేదు. 100 మిల్లీలీటర్లకు రెండింటిలోనూ సుమారు 65-70 కేలరీలుంటాయి. మాంసకృత్తులు తల్లిపాలలో ఒక గ్రాము, డబ్బాపాలలో కొంచెం ఎక్కువ. ఎక్కువ ఉండటం మేలేమీ కాదు. ఆవుపాలలో మూడు గ్రాములు దాటుతాయి, ఆ భారం పసిబిడ్డ మూత్రపిండాలపై పడుతుంది. తల్లిపాలలో ఇనుము తక్కువే అయినా ఒంటికి బాగా పడుతుంది. విటమిన్ డి మాత్రం నిజంగానే చాలదు. రోజుకు 400 యూనిట్ల చుక్కల గురించి మీ డాక్టరును అడగండి.

అసలు తేడా డబ్బా మీద రాసి ఉండే పట్టికలో కనిపించదు. మీకు జలుబు చేస్తే దాన్ని ఎదుర్కొనే రక్షణ కణాలు, ప్రతిరక్షకాలు మీ పాలలోకి వచ్చి పాపకు అందుతాయి. పేగుల్లో మంచి సూక్ష్మజీవులను పెంచే వందకు పైగా రకాల చక్కెరలు కూడా ఆ పాలలో ఉంటాయి. ఏ డబ్బాలోనూ ఇవన్నీ దొరకవు.

నన్ను ఎక్కువగా భయపెట్టేది పొడి కన్నా నీళ్లు. వానాకాలంలో మా కుళాయి నీరు ఎర్రగా వస్తుంది. పొడిలో కూడా క్రిములు ఉండవచ్చు కాబట్టి, మరిగించిన నీరు 70 డిగ్రీల కంటే చల్లారకముందే పొడి కలపాలి. పాలు గోరువెచ్చనయ్యాకే పట్టాలి, రెండు గంటల్లో తాగనివి పారబోయాలి. అర్ధరాత్రి నిద్రకళ్లతో ఇదంతా చేయడం ఎంత కష్టమో నాకు తెలుసు. డబ్బా ఎక్కువ రోజులు రావాలని పొడి తగ్గించి కలిపేవాళ్లను మా వీధిలోనే చూశాను. అలా పలుచన చేస్తే బిడ్డ కడుపు నిండుతుంది కానీ ఒళ్లు పెరగదు.

ఇక ఏడుపు. ఈ వయసులో చాలామంది పిల్లలు సాయంత్రం పూట వదలకుండా చీకుతారు. ఎంత చీకితే పాలు అంత ఊరతాయి. ఆ సమయంలో సీసా ఇస్తే రొమ్ముకు ఆ పిలుపు అందదు, పాలు నిజంగానే తగ్గుతాయి. పాలు చాలుతున్నాయో లేదో ఏడుపును బట్టి తేల్చకండి. రోజుకు కనీసం ఆరుసార్లు మూత్రం పోస్తోందా, నెలకు అరకిలోకు తగ్గకుండా బరువు పెరుగుతోందా అన్నవి చూడండి. ఈ మాటలే మా ఆశా దీదీ (ఆశా ఆరోగ్య కార్యకర్త) ఒడియాలో చెప్పేవారు, మా అత్తగారికి తెలుగు తప్ప రాదు. ఒకరోజు ఇద్దరినీ కూర్చోబెట్టి నేనే మాట మాటా తెలుగులో చెప్పాను. కార్డులో బరువు గీత పైకి వెళ్లడం చూశాక ఆవిడే "పోతపాలు వద్దులే" అన్నారు.

బరువు పెరగకపోయినా, మీరు కొన్ని రకాల మందులు వాడుతున్నా డాక్టరు డబ్బాపాలు రాయవచ్చు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మా చిన్నదానికి ముందు నా పాలు, తర్వాత కొలత తప్పకుండా కలిపిన డబ్బాపాలు ఉగ్గుగిన్నెతో పట్టాను. సీసా కన్నా గిన్నెను కడిగి మరిగించడం తేలిక.

ఈ వారంలోనే అంగన్‌వాడీలో పాపను తూకం వేయించండి. మూత్రం తగ్గినా, పాప మత్తుగా ఉండి పాలు తాగకపోయినా తూకం కోసం ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.