అంగ్విలా దీవికి ఆదాయం ఎక్కడి నుంచి వస్తుంది?

కరీబియన్ సముద్రంలో దాదాపు 91 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంతో, సుమారు 16 వేల జనాభాతో ఉన్న అంగ్విలా బ్రిటిష్ పాలిత ప్రాంతం. సున్నపురాతి నేల, పలుచటి మట్టి, నదులు లేకపోవడం, అరకొర వానలు: ఈ కారణాలవల్ల పొరుగు దీవుల్లోలాగా అక్కడ చెరకు సాగు నిలదొక్కుకోలేదు. ఒకప్పుడు జనం చేపలవేట, పడవల నిర్మాణం, శాండీ గ్రౌండ్ మడుగులో ఉప్పు తీయడం, విదేశాలకు వలసపోయినవారు పంపే సొమ్ము మీద బతికేవారు.

1980ల నుంచి ఖరీదైన విడిది హోటళ్లు రావడంతో పర్యాటకమే ప్రధాన ఆధారమైంది. ఆహారం, ఇంధనం దాదాపు అన్నీ దిగుమతులే కనుక ధరలు ఎక్కువ. 2017లో ఇర్మా తుఫాను, 2020లో కోవిడ్ ఈ ఒక్క ఆధారాన్నే దెబ్బతీశాయి. వ్యక్తిగత ఆదాయంపై పన్ను లేని ఆ దీవిలో ప్రభుత్వం 2022లో 13 శాతం వస్తు సేవల పన్ను తేవలసి వచ్చింది.

అనూహ్యంగా ఆదుకున్నది ఇంటర్నెట్ చిరునామా. 1995లో ఆ దీవికి కేటాయించిన డాట్ ఏఐ అనే డొమైన్‌కు (వెబ్‌సైట్ పేరు చివర వచ్చే భాగానికి) కృత్రిమ మేధ సంస్థల నుంచి గిరాకీ పెరిగింది, ఎందుకంటే కృత్రిమ మేధను ఇంగ్లిష్‌లో పొట్టిగా ఏఐ అంటారు. 2023లో రెండేళ్ల రిజిస్ట్రేషన్‌కు 140 డాలర్లు తీసుకునేవారు. హైదరాబాద్‌లోని ఒక స్టార్టప్ ఆ పేరు కొన్నా అందులో సింహభాగం అంగ్విలా ఖజానాకే చేరేది. ఆ ఏడాది ఈ రూపంలో దాదాపు 3.2 కోట్ల డాలర్లు, అంటే ప్రభుత్వ ఆదాయంలో అయిదో వంతుకు పైగా సమకూరింది. నా దృష్టిలో దీని అసలు విలువ మొత్తంలో లేదు. తుఫాను వచ్చి హోటళ్లు మూతపడినా ఈ రాబడి ఆగదు.